పిడి ఎవరి చేతికి

సికింద్రాబాదు, మారేడ్‌పల్లి
1969 జూన్ 1, ఆదివారం

సర్వసృష్టికర్త నామమున ఈ దినమునకు ఒక పేరు పెట్టి వ్రాసుకొనుచున్నాను. ఇది మా పితామహుని కత్తికి పిడి పగిలిన దినము. జననానికీ, వివాహానికీ, మరణానికీ పేర్లుంటాయి గాని ఒక వస్తువు విరిగిన రోజుకు పేరెందుకని అడిగేవారుంటే, వారు ఆ వస్తువును ఎరుగరని అర్థం.

యెషయా తాతగారు పల్నాటి పల్లెలో బాప్తిస్మం పొందిన తొలి తరం మనిషి. ఆయన వృత్తిని గురించి ఇక్కడ వ్రాయనక్కరలేదు. మట్టిగోడల ప్రార్థనాలయంలో మొట్టమొదటిసారి ప్రభువు బల్ల, అంటే క్రీస్తు జ్ఞాపకార్థం రొట్టె పంచుకొనే సంస్కారం, ఆచరించిన నాడు రొట్టె కోయడానికి కత్తి దొరకలేదట. తాతగారు తన పనికత్తిని బూడిదతో తోమి, ఏటినీటిలో కడిగి, పాదిరిగారికి అందించారు. అందించేటప్పుడు అలుగును, అంటే కోసే భాగాన్ని, తన అరచేతిలో ఉంచుకొని, పిడిని ఆయనవైపు తిప్పారు. ఆ దినంనుండి ఆ కత్తి మరే పనీ చేయలేదు.

మా ఇంట అదే ఆచారమైంది. ఆడపిల్లకు ప్రధానం జరిగేటప్పుడు, అంటే పెళ్ళిమాట ఖాయపరచుకొనే వేళ, తండ్రి అలుగును తన అరచేతిలో పట్టుకొని పిడిని కాబోయే అల్లునివైపు తిప్పి కత్తిని అందిస్తాడు. అతడు దానితో రొట్టె కోసి రెండు కుటుంబాలకూ పంచుతాడు. ఉంగరాలు ఆ తరువాతనే. పదునైన వాదర మనవైపు, పట్టు వారివైపు. మా ఇంట్లో మాట ఇవ్వడమంటే ఇదే.

ఈ పదిహేనవ తేదీన మా అమ్మాయి సలోమి ప్రధానం. నేటి మధ్యాహ్నం భోజనాల వేళ పిడి నిలువునా పగిలింది. గేదెకొమ్ముతో చేసిన పిడి. తాతల కాలంనాటిది. ఎండిపోయి ఉన్నది.

పిడి లేని కత్తిని ఎవరికీ అందించలేము. కాబట్టి ప్రధానం వాయిదా వేయక తప్పదని నా భార్య ఎమిలీకి చెప్పాను. ఆమె అంట్లు సర్దుతూ వెనక్కి తిరగకుండానే అడిగింది.

"విరిగిందా అండీ, విరగ్గొట్టారా?"

జూన్ 2, సోమవారం

ఎమిలీ ప్రశ్నకు ఇక్కడైనా సమాధానం వ్రాసుకోవాలి.

సలోమిని చేసుకోబోయే లూకా నిన్న భోజనానికి వచ్చాడు. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. సలోమి పాఠాలు చెప్పే పద్మారావు నగర్ బడిలో తన అక్క కూతురిని చేర్చడానికి వచ్చి పరిచయమయ్యాడు. మర్యాదస్థుడే. కాని కొన్ని నెలలుగా ప్రత్యేక రాష్ట్రమంటూ ఈ జంటనగరాలు ఉడికిపోతున్నాయి. కోస్తానుండి వచ్చినవారు తమ ఉద్యోగాలు తీసుకున్నారని వీరు, తెలుగువారందరిదీ ఒకే రాష్ట్రమని మేము. అన్నం దగ్గర ఆ ప్రస్తావన తేవద్దని ఎమిలీ ఇద్దరినీ ముందే బతిమాలింది.

ప్రధానానికి ముందు పదును చూద్దామని నేను తాతగారి కత్తిని బయటికి తీసి రొట్టె కోస్తున్నాను. లూకా తలవంచుకొని తింటూ మెల్లగా అన్నాడు.

"సార్, నా తమ్ముడు బి.ఏ. పాసై ఇంట్ల కూసున్నడు. వాని నౌకరీల ఎవలో బయటోడు కూసున్నడు. గదే అడుగుతున్నం. ఇంకేం లేదు."

"కూర్చున్నాడు," అన్నాను.

"ఏంది సార్?"

"కూసున్నడు కాదు. కూర్చున్నాడు."

సలోమి నా వంక చూసింది. లూకా చేతిలోని ముద్దను తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"సార్, నా మాట దిద్దుడు ఆపుండ్రి. నేను పరీక్ష రాస్తలేను."

నేను జీవితమంతా తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. ఈ ప్రాంతపు పిల్లలకే ఛందస్సు నేర్పాను. నా బల్ల దగ్గర కూర్చొని నాతో ఆ మాట అనడమా? కత్తి నా చేతిలోనే ఉన్నది. సభలో అధ్యక్షుడు నిశ్శబ్దం కోరినట్లు పిడి అడుగుభాగంతో రాతిబల్లను ఒక్కసారి తట్టాను. అంతే. కొమ్ము ఎండిపోయి ఉండబట్టి పగిలింది.

"మీ దెబ్బకి బల్ల పగల్లేదు. అదే మన అదృష్టం," అన్నది ఎమిలీ.

జూన్ 3, మంగళవారం

కత్తిని తువ్వాలులో చుట్టుకొని రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళాను. అక్కడ కత్తులకూ ఉలులకూ పిడులు వేసే బ్రహ్మచారి అనే పనివాడి దుకాణం ఉన్నది. దుకాణం అంటే ఒక కుంపటి, ఒక దిమ్మె, చుట్టూ చెక్కపొట్టు. మనిషికి నోటి దురుసు.

"ఏం పంతులూ, ఎవల్నన్న గొట్టిన్రా దీనితోని?"

"బల్లను."

"బల్ల బతికే ఉన్నదా?"

పగులు ముందరి లోహపు పొన్నుదాకా పోయిందనీ, తీగ చుట్టినా నిలవదనీ, కొత్తది వేయవలసిందేననీ అన్నాడు. పిడిలోకి దూరే కత్తి తోకను నిప్పుల మీద పట్టాడు. లోపలి లక్క కరిగి వాసన వేసింది. కొమ్ము రెండు చెక్కలై ఊడి పడింది. తోకకు చుట్టి ఒక నల్లని తోలుముక్క ఉన్నది.

"సూసిన్రా, లూజు గావద్దని తోలు సుట్టిండు. ఎవడో గని, తోలు పని ఎరికున్నోడే."

ఆ ముక్కను అడిగి తీసుకున్నాను. జేబులో వేసుకున్నాను.

"ఇగ చెయ్యి సూపెట్టుండ్రి," అన్నాడు పురికొస తీస్తూ.

"ఎందుకు?"

"ఎవల చేతిల ఉంటదో గా చెయ్యి కొలవాలె గద. లేకుంటే పట్టు కుదురది. చెప్పుండ్రి, ఎవలికి? మీకేనా?"

వీధి చివర నినాదాలు వినిపించాయి. పక్క దుకాణాల తలుపులు ఒక్కొక్కటే దబదబ మూసుకుంటున్నాయి.

"జల్ది చెప్పుండ్రి పంతులూ! బంద్ చెయ్యాలె. ఎవల చేతికి?"

"నాకే," అన్నాను.

అతడు నా పిడికిలి చుట్టూ దారం చుట్టి ముడివేశాడు. ఊరేగింపు బజారులోకి మలుపు తిరిగేలోగా నేను సందులోంచి బయటపడ్డాను.

ఇందులో అబద్ధమేమీ లేదు. ఆ కత్తి నాదే.

జూన్ 5, గురువారం

కర్ఫ్యూ. లూకా రాలేదు. మంచిదే.

జూన్ 6, శుక్రవారం

లూకా రాలేదు.

జూన్ 8, ఆదివారం

ఆరాధనకు వెళ్ళే వీలు లేక ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నాము. తలుపు తీసేసరికి మా గేటు మీద తారుతో వ్రాసి ఉన్నది, మీ ఊరికి వెళ్ళిపోండి అని. ఎమిలీ కిరసనాయిలు గుడ్డతో తుడవబోతూ కాసేపు ఆగి చూసింది.

"ఒక్క తప్పు కూడా లేదు. పైగా పోండి అని మర్యాదగా వ్రాశాడు. మీ శిష్యుడెవడో అయి ఉంటాడండీ."

నేను నవ్వలేదు. ఆమె తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నది.

ఎదురింటి కామరాజు, భీమవరం నుండి వచ్చి ఇనుప సామాను వ్యాపారం చేస్తున్నవాడు, పెళ్ళాం పిల్లలతో టాక్సీలో పెట్టెలు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు.

"మేం వెళ్ళిపోతన్నావండి మాస్టారూ. గొడవ సద్దుమణిగాక చూద్దాం. మీరూ గుంటూరెళ్ళిపోండి. అక్కడ మీవాళ్ళలో సంబంధాలే లేవా ఏంటి? వాళ్ళకెలా ఇస్తారండీ పిల్లని? కత్తికి పిడి లేదన్నారంట గదా, భలే సాకు దొరికింది మీకు. నిదానంగా చేయించండి."

సాకు అన్న మాట నాకు రుచించలేదు. వ్యాపారులకు అన్నీ అలాగే కనిపిస్తాయి.

మధ్యాహ్నం సలోమితో, కొన్నాళ్ళు గుంటూరు వెళ్ళి మా పినతండ్రి కుమారుల ఇంట్లో ఉందామన్నాను. ఆమె పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతున్నది. ఎర్ర సిరా కలం కింద పెట్టింది.

"నాన్నగారూ, పిడి లేదని ప్రధానం వాయిదా వేశారు. పిడి వచ్చాక దేన్ని చూపి వాయిదా వేస్తారు?"

"దేశం తగలబడుతుంటే నీకు ప్రధానం కావాలా?"

"నాకు ఆ మనిషి కావాలి. ఆయన ఎక్కడున్నాడో నాలుగురోజులుగా తెలియడం లేదు. మీకు తెలుసుకోవాలనైనా లేదు."

ప్రధానం సందర్భంలో చదవడానికి నేనొక పద్యం ఎత్తుకున్నాను. మూడు పాదాలు వచ్చాయి. సలోమికి చెబుదామనుకొని మానుకున్నాను.

జూన్ 12, గురువారం

పిడి తయారైంది. కర్ఫ్యూ సడలించిన వేళలో వెళ్ళి తెచ్చుకున్నాను. ఇరుగుడు కర్ర చేవ, ముందు ఇత్తడి పొన్ను. పిడికిలి మూస్తే నా చేతిలోనే మొలిచినట్లున్నది. బ్రహ్మచారి పనివాడే.

సలోమి పట్టుకొని చూసింది. ఆమె వేళ్ళు చుట్టూ అందలేదు.

"బాగుంది. మీరు తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు," అని తిరిగి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళం ఎందుకు వేశానో తెలియదు. కాలం బాగాలేదు కదా.

జూన్ 15, ఆదివారం

ప్రధానం జరగవలసిన దినం. జరగలేదు. పద్యంలో నాలుగవ పాదం రాలేదు. పిడి బాగున్నది.

జూన్ 17, మంగళవారం

ఇది వివరంగా వ్రాసుకోవాలి.

కర్ఫ్యూ సడలించిన పగటివేళ ఒక స్త్రీ మా గేటు తీసుకొని లోపలికి వచ్చింది. నడక తొందరకు చెప్పులు తీసి చేతిలో పట్టుకొని ఉన్నది. లూకా తల్లి రూతమ్మ. ఎమిలీ కుర్చీ వేసింది. ఆమె కూర్చోలేదు.

"కూసోను వదినా. ఒక్క మాట చెప్పి, ఒక్క మాట అడిగి పోత. అన్నా, మా పోరగాడు దవఖానల ఉన్నడు. పోలీసోళ్ల లాఠీ కుడిచేతి మీద పడ్డది. ఏళ్లు ఇరిగినయ్. సలోమి బిడ్డకు చెప్పొద్దన్నడు. నేనే చెప్పనీకి వచ్చిన."

సలోమి తలుపు పట్టుకొని నిలబడిపోయింది. "ఎప్పుడత్తమ్మా?"

"కర్ఫ్యూ షురూ అయిన దినమే."

నేను "లూకా రాలేదు, మంచిదే" అని వ్రాసిన దినం.

"ఇగ అడిగేది," అని రూతమ్మ నావైపు తిరిగింది. "మీ మాట ఉన్నదా, లేదా అన్నా? ఉంటే ఉన్నదను. లేకుంటే లేదను, మేం ఏడ్సి ఊకుంటం. నడిమిట్ల నిలవెట్టకు. మస్తు పరేషాన్ల ఉన్నం."

"కత్తికి పిడి..." అని ఆగాను.

"గదేం కత్తో సూపెట్టు. పోరగాడు సుత కత్తి, కత్తి అనవట్టె."

తాళం తీసి తెచ్చాను. రూతమ్మ తువ్వాలు విప్పి అలుగును అటూ ఇటూ తిప్పింది. గోరు వెనుకభాగంతో వాదరను తాకి చూసింది. ఉన్నట్టుండి, కళ్ళలో నీళ్ళతోనే, పకపకా నవ్వింది.

"ఓ అన్నా! తోలు కత్తి గద ఇది! మా మామ చేతిల గిసొంటిదే ఉంటుండె. చెప్పులు గుట్టుకుంట, మోటకు తోలు బొక్కెనలు గుట్టుకుంట మా ఆయనను సదివించిండు. అంటే మీరు సుత మావోళ్లేనాయె! మరి గిన్ని దినాలు ఏందో రాజులోలె మాట్లాడితివి!"

మా ఇంట్లో ఆ మాట ఎన్నడూ ఎవరూ పైకి అనలేదు. నాకు కోపం రావాలి. వంటింట్లోంచి ఎమిలీ నవ్వు వినిపించింది. ఈ గొడవలు మొదలైన తరువాత ఆమె నవ్వగా నేను వినలేదు. తోలుముక్క ఇంకా నా జేబులోనే ఉన్నది. వేళ్ళతో తడిమి చూసుకున్నాను.

రూతమ్మ పిడి పట్టుకొని చూసి పెదవి విరిచింది. "గింత లావు పిడి ఎవలికి? మా వాని చేతిల ఇది నిలవది. ఇప్పుడు వానికి ఎడమ చెయ్యే దిక్కు."

వెళ్ళే ముందు గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్నది. "నేను అడిగిన దానికి జవాబు చెప్పకపోతివి. సడలింపు అయిపోతది, పోవాలె. ఆలోచన జెయ్యి."

సాయంత్రం ఎమిలీని పురికొస అడిగాను. బండెడు ప్రశ్నలు వేసే మనిషి, ఏమీ అడగకుండా తెచ్చి ఇచ్చింది.

జూన్ 18, బుధవారం

సలోమి ముందు నడుస్తుండగా ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో మంచం వేసి ఉన్నది. లూకా కుడిచేయి మోచేతిదాకా కట్టుతో ఉన్నది. నన్ను చూసి లేవబోయాడు.

"సార్, మీరెందుకు వచ్చిన్రు? బయట గడబిడ ఉన్నది."

"ఎడమ చేయి చాపు."

"పోలీసోళ్లు సుత గిదే అన్నరు సార్, చెయ్యి చాపు అని."

"లూకా, ఊరుకో," అన్నది సలోమి.

పిడికిలి మూయమన్నాను. దారం చుట్టాను. చిన్న చేయి, తల్లి చేయి వంటిది. ఆ చేతి వెచ్చదనం నా వేళ్ళకు తగిలింది. ఈ పిల్లవాణ్ణి ఇన్నాళ్ళుగా ఎరుగుదును గాని చేయి తాకడం ఇదే మొదలు.

"మీ ఉద్యమం సరైనదని నేను ఇప్పటికీ అనను," అన్నాను.

"నేను తప్పని అనను సార్."

"నా అభిప్రాయం మారలేదు."

"నాది సుత మారలె. అయితే ఏం కొలుస్తున్రు?"

ముడి వేయడానికి దారం కొసను పళ్ళతో పట్టుకొని ఉన్నాను. జవాబు చెప్పడం కుదరలేదు. అతడు నా ముఖంలోకి కాసేపు చూసి, "ఇయ్యాల నా మాటలు ఒక్కటి సుత దిద్దుతలేరేంది?" అన్నాడు. సలోమి ముఖం పక్కకు తిప్పుకున్నది. నవ్విందో, ఏడ్చిందో.

జూన్ 19, గురువారం

కత్తినీ దారాన్నీ గుడ్డసంచిలో పెట్టుకొని బజారుకు బయలుదేరాను. దారిలో పోలీసు పికెట్టు. ఒక యువ కానిస్టేబులు సంచి తెరిచాడు.

"కత్తా! ఏంటి మాస్టారూ ఇది?" అని ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి గొంతు తగ్గించాడు. "ఏ ఊరండీ మనది?"

"నరసరావుపేట దగ్గర."

"అదీ సంగతి! మాది బాపట్లండి. ఉంచుకోండి, ఉంచుకోండి. ఈ ఊళ్ళో మనోళ్ళు ఇట్టాంటిదొకటి దగ్గర పెట్టుకోవాల్సిందే. ఆళ్ళొస్తే వాడాల్సిందే."

నవ్వుతూ సంచి నా చేతికి ఇవ్వబోయాడు. తీసుకొని నడిచిపోతే చాలు. ఒక్క మాట కూడా అక్కరలేదు. మౌనంగా తలూపినా చాలు. నా చేయి సంచిమీదికి వెళ్ళింది కూడా.

"వారికోసమే," అన్నాను. "వారిలో ఒకరికి ఇవ్వడానికే తీసుకువెళుతున్నాను. నా అల్లుడు. మీ లాఠీ తగిలి ఆసుపత్రిలో ఉన్నాడు."

అల్లుడు అన్న మాట నా చెవికే కొత్తగా వినిపించింది.

అతని నవ్వు ఆగిపోయింది. సంచి వెనక్కి లాక్కున్నాడు. "అటెళ్ళి గోడ దగ్గర నిలబడు," అన్నాడు. గారు పోయింది, అండి పోయింది. ఎండలో నిలబడ్డాను. సడలింపు వేళ గడిచిపోతున్నది. నా కత్తి ఇసుకబస్తాల మీద పడి ఉన్నది. అది లోపలికి పోతే తిరిగి రాదని తెలుసు. వృద్ధుణ్ణి, పండితుణ్ణి, పెద్ద అధికారులకు గురువును అని చెప్పుకోవచ్చు. ఏమీ చెప్పాలనిపించలేదు. గోడకు చేయి ఆనించాను. అది భయమే. ఎండ అని వ్రాయను.

చాలాసేపటికి ఒక పెద్ద వయసు హెడ్డు కానిస్టేబులు వచ్చి కత్తిని చూశాడు. వాదరను బొటనవేలితో తాకాడు.

"ముసలాయనను పోనియ్ రా. గీ కత్తికి ఉల్లిగడ్డ సుత తెగది."

మరొకప్పుడైతే నేను ఆ మాటకు నొచ్చుకొనేవాణ్ణి. నేడు చేతులెత్తి నమస్కరించాను.

బ్రహ్మచారి తలుపు సగం దించి ఉన్నాడు. దారం చూపాను.

"మొన్న మీకే అంటిరి గద?"

"మాట మార్చుకున్నాను."

"మీరు మాట మార్సుకుంటే కట్టెకు తక్లీఫు. ఇంకా నయం, లావుగ చేయించిన్రు. లావుదాన్ని సన్నం జెయ్యొచ్చు గని సన్నదాన్ని లావు ఎట్ల జేస్త?" అని తిట్టుకుంటూనే దిమ్మె దగ్గర కూర్చున్నాడు. పొట్టు రాలుతుంటే నా చేయి తరిగిపోతున్నట్లనిపించింది. చూడకుండా ఉండలేకపోయాను.

తోకను మళ్ళీ బిగించేటప్పుడు జేబులోని ముక్క తీసి ఇచ్చాను. "లోపల ఇది పెట్టు."

"పాతదా? కొత్త తోలు మంచిది ఉన్నది పంతులూ."

"పాతదే."

ఇంటికి వచ్చాక పట్టి చూసుకున్నాను. నా పిడికిట్లో పిడి జారుతున్నది. ఇక ఇది నా చేతికి కుదరదు.

జూన్ 22, ఆదివారం

రూతమ్మగారికి సలోమి ద్వారా జవాబు పంపాను. ఉన్నది. ఆ ఒక్క మాటే.

జూన్ 28, శనివారం

రేపు మధ్యాహ్నం అనుకున్నాము. రేపు మళ్ళీ కర్ఫ్యూ పెడతారని వదంతి. లూకాను ఇంటికి పంపారు గాని పోలీసులు అతని బస్తీలో ఇల్లిల్లూ వెదుకుతున్నారని సలోమి విని వచ్చింది. ఎమిలీ పిండి పిసికి పెట్టింది. నాలుగవ పాదం వ్రాసి కొట్టేశాను. మళ్ళీ వ్రాసి కొట్టేశాను.

జూన్ 29, ఆదివారం

ప్రధానమునకు పిలిచిన వేళ దాటిపోయింది. పాదిరిగారు గడియారం చూడడం మాని కిటికీ చూస్తున్నారు. సలోమి తెల్లచీరలో బల్లకు ఆ చివర కూర్చున్నది. ఎవరూ రాలేదు. వీధిలో జీపు ఒకటి పోయింది. నేను కత్తిని తువ్వాలులోంచి తీసి, మళ్ళీ చుట్టి, మళ్ళీ తీశాను. వారు రాకపోతే ఆ తప్పు కర్ఫ్యూది కాదు. పదిహేనవ తేదీన వీధులు దాటే వీలుండేది.

గేటు చప్పుడైంది. రూతమ్మగారి గొంతు ముందు వచ్చింది.

"సందుల్లకెల్లి, గోడలెక్కి వచ్చినం వదినా! ఈ వయసుల నన్ను కోతిని జేసిండు నా కొడుకు!"

వెనుక లూకా. కుడిచేయి మెడకు వేలాడుతున్నది. చొక్కాకు సున్నం మరకలు.

పాదిరిగారి ప్రార్థన ముగిసింది. నేను లేచి అలుగును అరచేతిలో ఉంచుకొని పిడిని అతనివైపు తిప్పాను. పద్యం జేబులోనే ఉన్నది. మూడు పాదాలతోనే ఉన్నది. తీయలేదు.

ఎడమచేతితో పిడి పట్టుకున్నాడు. పట్టు సరిగ్గా కుదిరింది. కాని కత్తిని తీసుకోలేదు. అలాగే నిలబడ్డాడు. ఎందుకు తీసుకోవడం లేదో మొదట అర్థం కాలేదు. ఎమిలీ నా చేతి వంక చూస్తున్నది. అప్పుడు చూసుకున్నాను. నా వేళ్ళు అలుగు చుట్టూ బిగుసుకొని ఉన్నాయి.

"మామా," అన్నాడు మెల్లగా. మొదటిసారి. "జెర ఏళ్లు ఇడువుండ్రి. నేను గుంజితే మీకు తెగుతది."

ఎంతసేపైనా అతడు లాగేవాడు కాడు.

విడిచాను.

ఎడమచేతి వాటం లేనివాడు కాబట్టి రొట్టె వంకరటింకరగా కోశాడు. "గివి ముక్కలా, ఇటుకలా? బస్తీ అంతకు పంచుతవా ఏంది?" అన్నారు రూతమ్మగారు. సలోమి రొట్టెను కదలకుండా పట్టుకున్నది. నా వంతుకు చివరి ముక్క, మాడినది, వచ్చింది. అందరికంటే పెద్దది. పూర్తిగా తిన్నాను.

వారు సడలింపు వేళ ముగియకముందే వెళ్ళిపోయారు. కత్తిని లూకా తుడిచి, నాకు తిరిగి ఇచ్చేటప్పుడు పిడిని నావైపు తిప్పి ఇచ్చాడు. అలా ఇవ్వాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

నాలుగవ పాదం రాదని తేలిపోయింది. వచనంలోనే వ్రాసి ముగిస్తాను.

ఇకమీదట ఈ ఇంట పుట్టబోయే బిడ్డలారా, మీ పేర్లు నేనెరుగను. మీరు ఏ ఊరిని మా ఊరని చెప్పుకుంటారో, ఏ యాసలో నవ్వుకుంటారో ఎరుగను. ఈ ఇరుగుడు పిడి కూడా ఏనాటికో పగులుతుంది. పగిలిననాడు దిగులుపడకండి. కొత్తది వేయించండి. లోపలి తోలుముక్కను మాత్రం పారవేయకండి. అది యెషయా తాతగారు తన చేత్తో కోసినది. ఆయన చెప్పులు కుట్టి మమ్మల్ని చదివించారు. ఎవరి చేతికి ఈ పిడి అని పనివాడు అడిగినప్పుడు, మీ చేయి చాపడానికి ముందు కొంచెం ఆగే బుద్ధి దేవుడు మీకు ఇచ్చునుగాక. మీ అరచేతిలో వాదర ఉన్నవేళ మీ వేళ్ళు వదులుగా ఉండునుగాక. ఎదుట నిలిచినవారు మీరు విడిచేదాకా ఓపికపట్టేవారై ఉందురుగాక. మీ బల్లమీద రొట్టె, ఎంత వంకరగా కోసినా, రెండిళ్ళకూ చాలునుగాక. ఆమేన్.